షష్టిపూర్తికి ముందటి పట్టిక

1967 ఉగాదితో వచ్చిన ప్లవంగ వత్సరము 2027లో మరల వచ్చును. ఆ యేట పుట్టినవారు షష్టిపూర్తిలోపల తీర్చుకొనవలసిన కోరికలకు పట్టికలు వ్రాసికొనుచున్నారు. అట్టిదొకటి చూచితిని: కేదారము, కాశి, శ్రీశైలము, కృష్ణా మలప్రభలు కలియు కూడలసంగమము, అన్నింటి కడపట, ఛందస్సు చెప్పిన గురువుగారి దర్శనము.

కోరికలు తప్పని నేననను. గడువు లేనిదే మనలో పలువురు గడప దాటరు. గౌరీకుండమునుండి కేదారమునకు కొండదారి. మోకాళ్లలో సత్తువ యుండగనే పోవలెననుటయు న్యాయమే. అయినను శీతకాలమున మూసిన ఆ గుడితలుపులు వేసవికి మరల తెఱచుకొనును. ఎనుబది దాటిన గురువుగారి విషయమున అట్టి నియమమేది? స్థావరముకంటె జంగమమునకు పెద్దపీట వేసిన బసవేశ్వరుని చదివినవారికి ఈ వరుస తలక్రిందులుగ తోచవలదా? పైగా మిగిలినవన్నియు వ్రాసినవాని కోరికలు మాత్రమే. ఇచ్చట వాకిట కుర్చీ వేసికొని ఎదురుచూచువారొకరు గలరు. ఆ యూరికి మూడుగంటల బస్సు ప్రయాణము. సెలవు పెట్టుకొను పని కూడ లేదు, ఆదివారము చాలును.