అరుగుమీది అతిథి

గృహస్థునకు విధింపబడిన పంచమహాయజ్ఞములలో నాలుగింటిని మనము ఎరిగినవారి కొరకే చేయుదుము. దేవతలు మనము నిత్యము కొలుచువారు. ఋషులు మన గోత్రములకు మూలపురుషులు. పితరులు మనవారే. వాకిట తిరుగు కాకియు గోవును దినదినము చూచునవియే. ఐదవదియగు మనుష్యయజ్ఞ మొక్కటియే ఎరుగనివాని కొరకైనది. ఒక్క రాత్రి మాత్రము నిలుచువాడే అతిథి యని మనువు చెప్పినాడు. ఒకే గ్రామమున నివసించువాడు అతిథి కాడని కూడ ఆ స్మృతియే చెప్పుచున్నది. కావున మనము శ్రమపడి పిలుచుకొని వచ్చి పిండివంటలతో విందు చేసిన బంధువు ఎంత గొప్పవాడైనను ఆ భోజనమువలన ఈ యజ్ఞము పూర్తి కాదు. కులగోత్రములు, ఊరు పేరు తెలియని వాడొకడు గుమ్మము ముందు నిలిచినప్పుడే అది మొదలగును.

ఇచ్చట శాస్త్రములోనే ఒక చిక్కు గలదు. ఇంటికి వచ్చిన యెవ్వనికిని వసతి లేదనరాదు, అది వ్రతము అని తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి శాసించుచున్నది. కులశీలములు తెలియనివానికి ఎన్నడును వాసము ఈయరాదని హితోపదేశము చెప్పుచున్నది. వసతి, వాసము అను రెండు మాటలకును ధాతు వొక్కటే. ఒక గ్రంథము ఇమ్మన్నదానినే మరియొకటి వలదనుచున్నది. శ్రుతి బలవత్తరము గనుక నీతిగ్రంథమును పక్కకు నెట్టవచ్చునని మీమాంసకుడు తేలికగా తీర్పు చెప్పును. కాని రాత్రి తొమ్మిది గంటలకు తలుపు తట్టిన చప్పుడైనప్పుడు మీమాంస అంత సులభముగా తోడురాదు.

హితోపదేశములోని ఆ కథ పాఠశాలలో చదివిన ప్రతివారికి తెలిసినదే. భాగీరథీతీరమున ఒక చెట్టు తొఱ్ఱలో జరద్గవమను ముసలి గ్రద్ద యుండెను. దానికి గోళ్లు ఊడినవి, కన్నులు కానరావు. దీర్ఘకర్ణమను పిల్లి వచ్చి, నిత్యము గంగలో స్నానము చేయుచు చాంద్రాయణవ్రతము పూనినానని చెప్పి ఆశ్రయము పొంది, పక్షిపిల్లలను ఒక్కొక్కదానినే తినివేసి పారిపోయెను. పక్షులు ఎముకలు చూచి, గ్రద్దయే దోషి యనుకొని దానిని చంపినవి. ఈ కథలో అతిథిధర్మమును గూర్చిన సూక్తులను చదువునది పిల్లియే! అంతటితో పోలేదు. తనవాడు, పరుడు అను భేదము అల్పబుద్ధులదనియు, ఉదారచిత్తులకు వసుధయే కుటుంబమనియు చెప్పు ప్రసిద్ధశ్లోకము నేడు సభలలోను ఆహ్వానపత్రికలపైనను విరివిగా కనబడుచున్నది. హితోపదేశమున దానిని పలుకునది జింకమాంసము నాశించి వచ్చిన నక్క. అదే శ్లోకము మహోపనిషత్తునందును కలదు గనుక దాని గౌరవమునకు లోపము లేదు. అయినను నారాయణపండితుడు దానిని నక్కనోట ఎందు కుంచెనో ఆలోచింపవలసియున్నది. మంచిమాట చెప్పినంతమాత్రమున మంచివాడు కాడని ఆయన హెచ్చరిక. అయితే నక్క వేసిన ప్రశ్నకు కాకివద్ద సమాధానము లేకపోవుటయు నిజమే. నీవు ఈ జింకను మొదటిసారి చూచిననాడు నీవుమాత్రము దీనికి తెలిసినవాడవా యని అది అడిగినది.

ఈ కథను ముప్పదియేండ్లు బాలురకు పాఠము చెప్పినవాడను నేను. 2019 సంవత్సరమున వర్షాకాలమందు ఒకనాటి రాత్రి చందానగరులోని మా యింటి తలుపు ఎవరో తట్టిరి. గొలుసు తీయకుండ సందునుండి చూచితిని. ఇరువదియేండ్లు నిండని కుఱ్ఱవాడు, తడిసి ముద్దయైనాడు. హిందీలో, మన హిందీ కాదు, తూర్పుదేశపు యాసలో మాటలాడినాడు. ఇదే వీథిలో కట్టుచున్న భవనమున పనికి వచ్చినాడట. ఫోను ఆరిపోయినదట. అరగంట ఛార్జింగు పెట్టుకొననిచ్చినచో ఊరిలోని తల్లికి ఒక మాట చెప్పుకొందునని చేతులు జోడించినాడు. ఆ క్షణమున నా నోటికి భృగువల్లి రాలేదు. జరద్గవము జ్ఞప్తికి వచ్చినది. మలుపులో టీకొట్టు ఉన్నది, అచ్చటికి పొమ్మంటిని. టీకొట్టు ఆ వానకు కట్టివేసియుండునని నాకు తెలియును. అతడు మారుమాట లేక మరల చేతులు జోడించి వానలోనికి పోయినాడు. ఆ రాత్రి సంధ్యావందనము లోపించినంత బాధ నాకు కలిగినదని వ్రాసిన అసత్యమగును. హాయిగానే నిద్రపోతిని. బాధ తరువాత వచ్చినది.

మరుసటి యేడు 2020 మార్చిలో దేశమంతట రాకపోకలు నిలిచిపోయినవి. తోబుట్టువునైనను గడప దాటనీయని దినములవి. కట్టడములు ఆగినవి, కూలీలకు పని లేదు, పోవుటకు బండి లేదు. పిల్లలను భుజములపై నెత్తుకొని రహదారులవెంట నడచిపోయినవారిని దేశమంతయు చూచినది. మే నెల 1వ తేదీ తెల్లవారుజామున దేశములోనే మొట్టమొదటి శ్రామిక ప్రత్యేక రైలు లింగంపల్లి స్టేషనునుండి ఝార్ఖండులోని హటియాకు బయలుదేరినది. మా చందానగరు స్టేషను తరువాతిదే లింగంపల్లి. ఇరువదినాలుగు పెట్టెలలో సుమారు 1,200 మంది. వారిలో అనేకులు సంగారెడ్డి జిల్లా కందిలో ఐ.ఐ.టి. భవనములు కట్టుటకు వచ్చినవారు. ఈ వార్త చదివినప్పుడు ఆ తడిసిన కుఱ్ఱవాడు నా కన్నులయెదుట నిలిచినాడు. వీరు మన పిల్లల విద్యకై గోడలు లేపినవారు. వారి ఫోనుకు నా గోడలోని విద్యుత్తు అరగంటసేపు ఈయనైతిని.

ఆ దినములలో మా వీథి యువకులు కొందరు పులిహోర పొట్లములు కట్టి రహదారి అంచున పెట్టుచుండిరి. ఒక బల్లమీద పొట్లము, నీళ్ల సీసా ఉంచి నాలుగడుగులు వెనుకకు జరుగుదురు. నడచిపోవువాడు వచ్చి తీసికొని, దూరమునుండియే నమస్కరించి పోవును. ఎవ్వరును ఎవ్వరి పేరును అడుగలేదు. ఎవ్వరును ఎవ్వరినీ తాకలేదు. భయమును దయయు ఆ బల్లకు ఇరువైపుల నిలిచియుండుట చూచితిని. అప్పుడు దాని అర్థము నాకు పూర్తిగా తెలియలేదు.

తెలిసినది సముద్రములకు ఆవల. 2022లో అమెరికాలో మా కుమారుని యింటికి పోయియుంటిని. ఒకనాడు ఉదయము నడకకు పోయి దారి తప్పితిని. అచ్చటి యిండ్లన్నియు ఒకే అచ్చున పోసినట్లుండును. నాకు ఆంగ్లము నాలుగు మాటలు. పంచెకట్టుతో, విభూతిరేఖలతో ఒక వాకిట నిలిచిన నన్ను చూచి ఒక వృద్ధురాలు తలుపు తీసినది. సైగచేసి ఇంటి ముందటి వసారాలోని కుర్చీలో కూర్చుండబెట్టినది. నీళ్లిచ్చినది. నా జేబులోని కాగితము తీసికొని మావానికి ఫోను చేసినది. వాడు వచ్చువరకు అరగంటసేపు ఎదుటి కుర్చీలో కూర్చుండి తనకు తోచినదేదో చెప్పుచుండెను, నేను తల ఊచుచుంటిని. లోపలికిమాత్రము పిలువలేదు. అది నాకు మొదట కొంచెము కష్టముగా తోచినది. ఆ రాత్రి పడుకొన్నప్పుడు స్ఫురించినది: ఆమె నన్ను కూర్చుండబెట్టినది అరుగుమీద!

మన పెద్దలు ఇల్లు కట్టునప్పుడు గడప బయట, చూరు లోపల అరుగు వేసిరి. అది వీథియు కాదు, ఇల్లును కాదు. బాటసారి ఎండకు కూర్చుండును, రాత్రికి మేను వాల్చును, తెల్లవారి పోవును. గృహిణి లోపల గడియ వేసికొని నిర్భయముగ నిద్రించును. భృగువల్లి వ్రతము చెల్లినది, జరద్గవమునకు వచ్చిన ఆపద రాలేదు. ఏ భాష్యకారుడును కూర్చని సమన్వయమును మేస్త్రి మట్టితోను రాతితోను కూర్చినాడు. మా బహుళాంతస్తు భవనములలో పూజగదికి చోటుంచిరి, వాహనములకు చోటుంచిరి. అరుగునకు లేదు. అరుగు పోవుటతో తలుపు తెరచుట, మూయుట అను రెండు మాత్రమే మనకు మిగిలినవి, మూయుట తేలిక.

పూర్వులు దీర్ఘయాత్రలు చేయగలిగినది ఇట్టి అరుగుల బలముననే. చెన్నపట్టణమున సుప్రీంకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన నూరుమంది పరివారముతో కాశీకి బయలుదేరి, హైదరాబాదు, నాగపురము మీదుగ ప్రయాగ, కాశి, గయలు సేవించి, కలకత్తా, జగన్నాథముల దారిని 1831 సెప్టెంబరు 3వ తేదీకి తిరిగి వచ్చిరి. దారిపొడుగున మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాసిన సంగతులే 1838లో అచ్చయిన కాశీయాత్రాచరిత్ర. అందులో ఆయన మజిలీమజిలీకిని సత్రమున్నదా, నీటివసతి ఎట్లున్నది, నీడ కలదా, అంగళ్లున్నవా యని గుర్తించుచు పోయిరి. విసుగుపుట్టించు పట్టికవలె కనబడును గాని, అది యంతయు ముఖమెరుగని బాటసారికై ఎవరో త్రవ్వించిన బావుల, నాటించిన చెట్ల లెక్కయే. కోనసీమలో లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళాపాళ లేక వచ్చినవారికి అన్నము పెట్టి పేరందిరి. వైనతేయపాయ మీది అక్విడెక్టుకు నేడామె పేరే పెట్టిరి. ఆమె పంక్తిలో భుజించినవారిలో అందరును సజ్జనులే యని నేననుకొనను. ఆమెయు అనుకొనియుండదు.

గృహస్థుని సంగతి ఇట్లుండగా, వచ్చినవాని బాధ్యత యేమి? దీనిని వాల్మీకి చూపినంత సూక్ష్మముగ మరియెవ్వరును చూపలేదు. రావణుడు పరివ్రాజకవేషమున వచ్చినప్పుడు సీతమ్మ ఆసనమిచ్చినది, పాద్యమిచ్చినది, అన్నము సిద్ధమనినది. (లక్ష్మణుడు గీసిన గీత వాల్మీకమున లేదు. జనులు తరువాత కల్పించుకొన్నదది. గీత దాటినది గనుక ఆమెదే తప్పనుటకు వీలుగా నున్నది కాబోలు.) ఆమె చేసినది ధర్మము, అతడు చేసినది ద్రోహము. ఆ ద్రోహము ఒక్క సీతకే జరుగలేదు. ఆ దినముతో కాషాయము కట్టిన ప్రతి నిజమైన యతి మాటకును విలువ తగ్గినది. ఆ అప్పును తీర్చవలసినవాడు హనుమంతుడు.

అశోకవనమున చెట్టుకొమ్మపై నుండి అతడు మొదట ఆలోచించినది ఏ భాషలో పలుకవలెనని! విప్రునివలె సంస్కృతము పలికినచో రావణుడని భయపడునని సామాన్యజనుల వాక్కును ఎన్నుకొనెను. ముందు దగ్గరకు పోలేదు, దూరమునుండి రామకథ చెప్పెను. దిగివచ్చి సమీపింపగా ఆమె మరల రావణుడే యని శంకించినది. నన్నే శంకింతువా, నూరుయోజనముల సముద్రము దాటి వచ్చితినే, యని అతడు కోపింపలేదు. ఆమె గురుతులు అడిగినది, చెప్పెను. అటుతరువాతనే ఉంగర మిచ్చెను. శంక ఆమె హక్కు, దానిని ఓపికతో తీర్చుట తన పని యని అతనికి తెలియును.

1970వ దశకమున తిరుమల తిరుపతి దేవస్థానముల సహాయముతో పిట్స్‌బర్గు నగరమున వెలసిన శ్రీ వేంకటేశ్వరాలయమును ఆ యాత్రలోనే దర్శించితిని. వంటశాలలో పాత్రలు తోముచున్నవారు కూలికి వచ్చినవారు కారు, సేవకై వచ్చిన వైద్యులు, ఇంజనీర్లు. చదువుకై విమానము దిగిన తెలుగుపిల్లలను, ముందు ఎన్నడును చూడనివారిని, తమ యిండ్ల నుంచుకొన్న కుటుంబములవారు అచ్చట నాకు తారసిల్లిరి. ఆ పిల్లలలో మా చందానగరువారును ఉన్నారు. వారి తల్లిదండ్రులు ఇచ్చట ఆ ఆదరమును చెప్పుకొని కంట తడి పెట్టుదురు. ఆ వీథిలోనే ఝార్ఖండు తల్లుల పిల్లలు ఇటుకలు మోయుచుందురు.

తిరిగివచ్చిన పిమ్మట మా భవనసంఘపు సమావేశమున, ప్రహరీగోడ బయట, ద్వారముప్రక్కన ఒక అరుగు కట్టి పైన రేకు వేయుదమని ప్రతిపాదించితిని. అపరిచితులు చేరుదురనిరి. అందుకే కట్టుదమంటిని. ఇరుగుపొరుగున దొంగతనములు జరుగుచున్నవని ఒకరనిరి, అదియు అబద్ధము కాదు. రెండు సమావేశములు వాదము జరిగినది. తుదకు అరుగు లేదు గాని సిమెంటుబల్ల ఒకటి, వేసవిలో చలివేంద్రము, గోడకు బయటివైపున ఫోనుకొరకు విద్యుత్తు అమరిక ఒకటి ఒప్పుకొనిరి. రాత్రి పదిగంటలకు దానిని ఆపివేయవలెనని షరతు. కాపలావానికి ఆ సంగతి జ్ఞాపకముండుట లేదు. నేనును జ్ఞాపకము చేయుట లేదు.