జీతము లేని నేర్పు

‘ట్రయాథ్లాన్’ అను పోటీ 1974లో అమెరికాలోని శాండియాగో నగరమున పుట్టి, 2000లో సిడ్నీ ఒలింపిక్సునందు చేరినది. ఆ పోటీలో 1.5 కిలోమీటర్లు ఈది, 40 కిలోమీటర్లు సైకిలు త్రొక్కి, వెంటనే 10 కిలోమీటర్లు పరుగెత్తవలెను. అమెరికా విశ్వవిద్యాలయములలో ఈ క్రీడాసంఘములను పెక్కుచోట్ల విద్యార్థులే నడుపుకొందురు. వారికి నేర్పువారిలో జీతము పుచ్చుకొననివారును కలరు. తమ ఉద్యోగములకు పోవుటకు ముందే, తెల్లవారుజామున వారు ఈతకొలను గట్టుకు వత్తురు.

ఇచ్చట ఒక ధర్మసందేహము కలుగుచున్నది. జీతము గొననివానికి బాధ్యత తక్కువ యగునా? ఒకనాడు అతడు రాకపోయినచో అడుగు హక్కు ఎవరికి కలదు? “ఊరక చేయుచున్నాడు గదా” యని లోకము సరిపెట్టుకొనును. జీతము తీసికొని పాఠము చెప్పు నేను ఈ మాట అనుటకు కొంత జంకుచున్నాను గాని, ఆ సరిపెట్టు నాకు సమ్మతము కాదు. ఈతకొలనులో అలసినవాడు గోడ పట్టుకొనగలడు. చెరువు నడుమ గోడ యుండదు. చన్నీటిలో దిగినంతనే ఊపిరి తడబడును. దిగినవారెందరు, గట్టెక్కినవారెందరు అని లెక్కించుట నేర్పువాని పని. ఆ లెక్కలో ఒకటి తగ్గిననాడు, అతడు జీతగాడా కాడా యని ఏ తల్లియు అడుగదు.

మరియొక చిక్కు కలదు. మోకాలు నొచ్చుచున్నను, “ఆయన మనకొఱకు ఇంత శ్రమపడుచుండగా ఎట్లు చెప్పుదును?” అని విద్యార్థి నోరు మూసికొని పరుగెత్తును. కృతజ్ఞతయే ఇట్లు కీడగుచున్నది. కావున నొప్పిని గూర్చి నేర్పువాడే ముందుగా అడుగవలెను. అవసరమైనచో ఆనాటి పరుగు మాన్పించి ఇంటికి పంపవలెను.