పెరట్లో తాబేలు: పెంచుకుంటే తప్పేమిటి?



మొన్నటి డిసెంబరులో ఒక ఆదివారం అరసవల్లిలో మన ధమ్మ కుటుంబం ఒకరింట్లో వందన జరిగింది. అయ్యాక ఆ ఇంటి గుంటడు, ఏడో తరగతి చదువుతున్నాడు, నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయేడు. "తాతా, నీకొకటి సూపిస్తాను రా."

నీలం ప్లాస్టిక్ టబ్బు. అందులో నా అరచెయ్యంత నక్షత్ర తాబేలు. నల్లటి డిప్ప మీద పసుపు చారలు. టబ్బు అడుగున రెండంగుళాల నీళ్లు, నీళ్లలో అన్నం మెతుకులు, ముట్టని అరటిపండు ముక్క. దాని ముక్కు దగ్గర చిన్న బుడగ కడుతోంది, పోతోంది. గుంటడు వేలితో డిప్ప మీద టకటకా కొట్టేడు. తల లోపలికి పోయింది. వాడు నవ్వేడు.

"ఎక్కడిదిరా?"

"మావయ్య తెచ్చేడు. ఇంట్లో ఉంటే కలిసొస్తాదంట."

వాళ్లమ్మ తలదించుకుంది. బాబాసాహెబ్ ఫొటో, బుద్ధుడి ఫొటో ఉన్న ఇల్లది. తండ్రి మాత్రం తడుముకోలేదు. "కలిసిరావడం గిలిసిరావడం మనం నమ్మం మాస్టారూ. కూర్మావతారమూ నమ్మం. దీనికి బొట్టెట్టి పూజ చేస్తన్నామా? పిల్లడు ముచ్చట పడ్డాడు. తిండెడతన్నాం, నీళ్లెడతన్నాం. పెంచుకుంటే తప్పేటి?"

అడగవలసిన ప్రశ్నే. నాకు వెంటనే జవాబు రాలేదు. ఈ నాలుగు మాటలూ అందుకే రాస్తున్నాను.

అక్కడికి పదిహేను కిలోమీటర్లలోపే శ్రీకూర్మం ఉంది. భక్తులు తెచ్చి ఇచ్చిన నక్షత్ర తాబేళ్లని ఆ గుడి ఆవరణలో ఉంచుతారు. విష్ణువు తాబేలు రూపం ఎత్తేడని వాళ్ల నమ్మకం. దేవుడి రూపమని దండం పెట్టే చోట కూడా తాబేళ్లు చనిపోయాయని పేపర్లలో వార్తలు వచ్చేయి. అవి చదివినప్పుడు మనవాళ్లు కొందరు వెటకారం చేసేరు. నాకది నచ్చలేదు. అవతారం అని నమ్మనంత మాత్రాన అది ప్రాణి కాకుండా పోతుందా? 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో అవతారాలని నమ్మబోమన్న మాట ఉంది. అన్ని ప్రాణుల పట్ల దయ చూపి కాపాడతామన్న మాట కూడా ఉంది. మొదటిది మనకి బాగా వంటబట్టింది, సభల్లో గట్టిగా చెబుతాం. రెండోది చదివేసి ముందుకి పోతాం.

'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ కరుణకీ మైత్రికీ తేడా చూపించేరు. కరుణ మనుషుల పట్ల ప్రేమ, మైత్రి సమస్త ప్రాణుల పట్ల ప్రేమ. కరుణ దగ్గరే ఆగిపోకూడదన్నది అక్కడి సారాంశం. అయితే మైత్రి అంటే ముచ్చటపడటమా? ముచ్చట ఆ గుంటడికి బోలెడంత ఉంది. అయినా తాబేలు ముక్కులో బుడగ కడుతోంది.

చట్టం సంగతి ముందు చెప్పేస్తాను, అందులో తర్కానికి చోటు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో నక్షత్ర తాబేలు ఇప్పుడు ఒకటో షెడ్యూలులో ఉంది. ఇంట్లో ఉంచుకుంటే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. దొరికితే 48 గంటల్లోగా పోలీసులకో అటవీ అధికారులకో చెప్పాలి. అంతర్జాతీయ వ్యాపారాన్ని 2019లో నిషేధించేరు. రాయలసీమ పొదల్లోంచి సంచుల్లో మూటకట్టి వీటిని దొంగతనంగా తరలించేది ఈ 'కలిసొస్తుంది' అనే మాట మీద కూడా. కొనేవాడు లేకపోతే పట్టేవాడు లేడు. పూజ చెయ్యకుండా కొన్నా ఆ సంచిలోకి చెయ్యి పెట్టినట్టే.

ఆ సాయంత్రమే అటవీ శాఖకి ఫోన్ చేయించేం. మంగళవారం వస్తామన్నారు. మధ్యలో రెండు రాత్రులు. ఆ రెండు రాత్రులూ దాన్ని బతికించుకోవడం మన పని. నిజం చెప్పాలంటే నేను మైత్రి గురించి కొంచెమైనా నేర్చుకున్నది అప్పుడే.

తాబేలుకి మనలాగ ఒంట్లో వేడి పుట్టదు. బయటి వేడి ఒంట్లోకి ఎక్కితేనే అది కదులుతుంది, తిన్నది అరుగుతుంది. ఎండ తగిలితేనే డిప్పకీ ఎముకకీ సున్నం పడుతుంది. అలాగని ఎండలో పడేస్తే తప్పించుకునే దారి లేక ఉడికిపోతుంది. నక్షత్ర తాబేలు మెట్ట ప్రాణి, ముళ్లపొదల ప్రాణి. ఈత రాదు. మనది సముద్రపు గాలి, చెమ్మ నేల. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు 15, 16 డిగ్రీలకి దిగుతుంది. మనకి దుప్పటి చాలు. చలీ చెమ్మా కలిస్తే దానికి ఊపిరితిత్తుల జబ్బు. ఆ బుడగ అదే. రెండంగుళాల నీళ్లు, నున్నటి ప్లాస్టిక్ గోడలు: మనం ప్రేమగా కట్టిన జైలు అలాగుంది.

టబ్బు తీసేసేం. తూరుపు గోడవారగా, పొద్దుటి ఎండ పడే చోట, ఇటుకలు నాలుగు వరసలు పేర్చి మంచమంత మడి కట్టేం. కాళ్లతో తవ్వుకుని పోతుందని కింది వరస నేలలో పాతేం. అడుగున పొడి ఇసుకా మట్టీ. ఒక కొసని తాటాకు పందిరి, దాని కింద బోర్లించిన చెక్కపెట్టె, లోపల ఎండుగడ్డి. కుక్కలకీ కాకులకీ ముంగిసలకీ అందకుండా పైన ఇనప జల్లెడ. నీళ్లు మూకుట్లో, దాని గెడ్డం తడిసేంతే. అన్నం, అరటిపండు మానిపించి గరిక, తోటకూర వేసేం.

రాత్రి వేడి కోసం తండ్రి గడ్డి మీదకి బల్బు దించబోయేడు. నేను ఆపేను. గడ్డి అంటుకుంటే ఇల్లే పోతుంది, మంచుకి తడిసిన వైరు షాకు కొడుతుంది. రాత్రికి పెట్టెతో సహా వంటింట్లోకి తెచ్చి, ఒక కొసని మాత్రం, గడ్డికి దూరంగా బల్బు కట్టేం. రెండో కొస చల్లగానే ఉంచేం. చలిదేశాల్లో తాబేలు పెంచేవాళ్లు పెరటి గదికి వేడి అందించి, వేడి మితిమీరకుండా థర్మోస్టాట్ పెడతారు. ఎండ కాచుకునే చోట 30 నుంచి 35 డిగ్రీలు, మిగతా చోట తక్కువ. మన సరంజామా అంత లేదు గానీ సూత్రం అదే. ఒక పక్క వేడి, ఒక పక్క చలువ, మధ్యలో నడిచే జాగా.

సోమవారం పొద్దున్న మడి పక్కన కూచున్నాం. చాలాసేపు కదల్లేదు. ఎనిమిది దాటాక తల బయటికి పెట్టి, ఎండలోకి నడిచి, కాళ్లు చాపుకుని పడుకుంది. కాసేపయ్యాక తనంతట తనే లేచి తాటాకు నీడకి పోయింది. గుంటడు గుసగుసగా అన్నాడు: "మనం పెట్టలేదు తాతా. అదే ఎల్పోయింది."

ఎండకీ నీడకీ మధ్య ఆ నాలుగడుగులే దానికున్న స్వేచ్ఛ. టబ్బులో మనం లాక్కున్నది అదే. మార్చిలోనూ అక్టోబరులోనూ సూర్యకిరణాలు విగ్రహం పాదాల మీద పడే ఆ కొద్ది నిమిషాల కోసం అరసవల్లికి వేలమంది వస్తారు. ఆ పెరట్లో ఎండ రోజూ పడుతోంది, టబ్బులోని ప్రాణికి మాత్రం అందలేదు.

"తిండెడతన్నాం కదా" అన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. మా తాత ఒక కామందు దగ్గర కంబారి. కడుపునిండా గంజి పోసేవారు, పండక్కి బట్ట పెట్టేవారు, మా ఇంటి మనిషే అనేవారు. వేరే ఊరెళ్లి బతుకుతానన్న రోజున మాత్రం, ఇక్కడ నీకేటి తక్కువయ్యింది అన్నారు. మనిషినీ తాబేలునీ ఒకటి చేస్తున్నానని కోపం వద్దు. మా తాత అడగగలిగేడు, ఇది అడగలేదు. కానీ జవాబు చెప్పేవాడి మాట రెండు చోట్లా ఒక్కటే. ఆ మాట మనింట్లోంచి వచ్చేసరికి నాకు చురుక్కుమంది.

"అలగైతే వంశధార ఒడ్డున ఒగ్గేద్దాం" అందావిడ. అదీ దయ లాగే కనిపిస్తుంది. దాని ఊరు ఇది కాదు. ఒంట్లో జబ్బు ఉంది. జబ్బు ప్రాణిని తెలియని చోట వదిలితే అది చస్తుంది, లేదా అక్కడివాటికి అంటిస్తుంది. ఎక్కడ పట్టేరో తెలియని తాబేలుకి తిరిగి ఇల్లు చూపించడం అడవి శాఖకే తేలిక పని కాదు. అందుకే పొదలోంచి తియ్యడమే అసలు తప్పు, తరువాతివన్నీ దిద్దుబాట్లే. ప్రజ్ఞ లేని దయ ఇలాగే తిరుగుతుంది: ఒకడు నీళ్లలో పెడతాడు, ఒకడు నదిలో వదుల్తాడు. ఇద్దరికీ పుణ్యం చేసినట్టే ఉంటుంది.

మంగళవారం అటవీ శాఖ వాళ్లు వచ్చేరు. గుంటడు ఏడవలేదు, కానీ ఎవరితోనూ మాట్లాడలేదు. వాళ్లు గోనెసంచి తియ్యబోతే వాడే పరిగెత్తి గాలికి కన్నాలు చేసిన అట్టపెట్టె తెచ్చేడు, అడుగున ఎండుగడ్డి వేసి. జీపు ఎక్కబోతున్న ఆయన్ని ఒకటే అడిగేడు.

"అక్కడ ఎండ పడే చోటుందా సార్?"

ఉంది బాబూ అన్నారాయన. "మరి నీడో?" అన్నాడు వాడు.