రాతా, దూరమా?

సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ స్తూపం, విహారాల శిథిలాలున్నాయి. జబ్బుతో దిక్కులేక పడివున్న భిక్షువుకు బుద్ధుడే స్నానం చేయించాడనీ, రోగికి చేసే సేవ తనకు చేసినట్టేనన్నాడనీ బౌద్ధ భిక్షువుల నియమ గ్రంథం వినయపిటకం చెబుతుంది.

ఇప్పటికీ ఊళ్లలో సాయం అందక ఎవరైనా పోతే ‘రాత’ అనేస్తారు. రోగం ఎందుకొచ్చిందో కర్మ సిద్ధాంతం చెబుతుందేమో గానీ, బస్సు ఎందుకు రాలేదో చెప్పదు.

రోడ్లూ ఆసుపత్రులూ లేవని కాదు. సూర్యాపేట, కోదాడ 65వ నంబరు జాతీయ రహదారి మీదే ఉన్నాయి. 2019లో సూర్యాపేటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఆరోగ్యశ్రీ కార్డు మీద ఉచిత వైద్యం పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది.

మిర్యాలగూడ చుట్టుపక్కల తండాల కూలీకి మాత్రం ఓపీకి వెళ్లే ఆటో కిరాయి, తనదీ తోడొచ్చిన మనిషిదీ పోయిన కూలి ఆ కార్డులో రావు. అందుకే జ్వరం ముదిరేదాకా ఆర్‌ఎంపీ సూదితోనే నెట్టుకొస్తారు.