ఏకనిష్ఠ

జ్ఞానము అపారమనియు, ఆయువు పరిమితమనియు ఎరిగిన మనుష్యుడు తన జీవితకాలమునంతయు ఒకే యొక వస్తువును పరిశీలించుటకు వినియోగించినచో, లోకము వానిని గౌరవముతోపాటు కొంత జాలితోను జూచుట కలదు. అందును ఆ వస్తువు కంటికి గానరాని క్షుద్రజీవి యైనప్పుడు, ఇంత విశాలమైన ప్రపంచమునకు ఇతడు విముఖుడయ్యెను గదా యని చింతించువారును లేకపోలేదు. అయితే అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీయందు 1976లో అధ్యాపకురాలిగా ప్రవేశించి, సముద్ర సూక్ష్మజీవుల యధ్యయనమునకు జీవితమును అంకితము గావించిన శాలీ చిషోమ్ అను విదుషీమణి కృషిని తలచుకొన్నప్పుడెల్లను, ఒకదానిని తుదిముట్ట తెలిసికొన బూనినవారికి మిగిలిన లోకమంతయు దానివెంటనే నడచివచ్చునని నాకు తోచును.

1985లో ఆమెయు, రాబర్ట్ ఓల్సన్ అను సహపరిశోధకుడును, రక్తకణముల పరీక్షకై వైద్యరంగమున వాడుకలోనున్న ఫ్లో సైటోమీటరు అను యంత్రమును సముద్రజలముల పరిశీలనకు వినియోగించుచుండిరి. ఒక్కొక్క కణమును లేజరు కాంతి యెదుట నడిపించి, అందు పత్రహరితమున్నచో వెలువడు ఎఱ్ఱని వెలుగును కొలుచు ఆ యంత్రమున, సర్గాసో సముద్రపు నీటిని పరీక్షించినప్పుడు, కొలతకు అందీ అందని సంకేతములు కొన్ని కానవచ్చెను. అవి యంత్రము తనంత తాను పుట్టించు రొద యని త్రోసిపుచ్చదగినంత దుర్బలములు; అయినను లోతునకు పోయినకొలది వాని యెరుపు క్రమముగా హెచ్చుచుండుటను గమనించి, యంత్రదోషమున కట్టి క్రమము ఉండనేరదని వారు గ్రహించిరి. ఆ సంకేతములకు మూలమైన జీవిని గూర్చిన తొలి ప్రకటన 1988లో నేచర్ పత్రికయందు వెలువడెను. తరువాత ప్రోక్లోరోకాకస్ అను పేరు పొందిన ఆ బ్యాక్టీరియా వ్యాసము సుమారు 0.6 మైక్రాను మాత్రమే. కాని భూమధ్యరేఖకు ఇరువైపుల 40 డిగ్రీల అక్షాంశము వరకు వ్యాపించి, ఒక్క మిల్లీలీటరు నీటియందు లక్ష వరకు నుండగల ఈ జీవియే, సూర్యకాంతితో ఆహారమును కల్పించుకొను ప్రాణులన్నిటిలో సంఖ్యచే ప్రథమస్థానము వహించినది. అరుదైనదానిని వెదకి ఆశ్చర్యపడు మానవజాతికి, భూమిమీద అత్యంత సమృద్ధమైన హరితజీవి ఇరువదియవ శతాబ్ది చివరివరకు గోచరింపకుండుటను తలచినప్పుడు, మన చూపు దేనిని విడిచిపెట్టుచున్నదో మనకే తెలియదన్న సత్యము హృదయమును దాకును.

ఆ పిమ్మట చిషోమ్ ఈ జీవిని విడువలేదు; అదియు ఆమెను ఒకచోట నిలువనీయలేదు. ప్రోక్లోరోకాకస్ కణమొక్కటి ధరించు జన్యువులు సుమారు 2,000. స్వతంత్రముగా సంచరించుచు కిరణజన్యసంయోగక్రియ జరుపు జీవులలో ఇంత స్వల్పమైన జన్యుసంపదతో జీవించునది మరియొకటి కానరాదు. నీటియందు బుట్టు హైడ్రోజన్ పెరాక్సైడ్ అను విషమును విరుచు కాటలేజ్ ఎంజైము సయితము దీనికి లేదు. ఊరిలో కుమ్మరి యున్నంతకాలము ప్రతి యింటను సారె నిలుపనక్కరలేనట్లు, పొరుగుననున్న ఇతర బ్యాక్టీరియా ఆ పనిని నెరవేర్చుచుండగా, ఇది ఆ భారమును వహింపక బ్రదుకుచున్నది. తాను నిర్మించిన సేంద్రియపదార్థములో కొంత వెలికి విడిచి ఆ పొరుగువారిని పోషించుచున్నది. దీనిని హతమార్చు వైరసులలో పెక్కింటియందు కిరణజన్యసంయోగక్రియకు సంబంధించిన జన్యువులే కానవచ్చినవి. ప్రోక్లోరోకాకస్ శాఖలలో ఏ రెండును పూర్ణముగా నొకటి కావు. అన్ని శాఖల జన్యువులను ఒకచోట గూర్చినచో వాని సంఖ్య 80,000 వరకు ఉండునని అంచనా. అనగా ఒక్క కణమును అర్థము చేసికొనుటకు దాని పొరుగును, శత్రువును, వెలుతురును, లోతును, కడకు మహాసముద్రమునంతయు అర్థము చేసికొనవలసివచ్చెను. ఏకనిష్ఠ విశాలదృష్టికి దారితీయుటకు గల హేతువు నాకు ఇందే కానవచ్చును: ప్రకృతిలో స్వయంసంపూర్ణమైన వస్తువు లేదు గనుక, దేనిని పట్టుకొన్నను అది తనకు ఆధారమైన వానియొద్దకు మనలను గొనిపోవును.

ఇట్టి జ్ఞానము మనుష్యుని శీలమునుగూడ తీర్చిదిద్దును. సముద్రమున ఇనుమును చల్లి ప్లవకములను పెంచి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును తగ్గించి, ఆ తగ్గింపును విక్రయింపవచ్చునను వర్తకోత్సాహము ప్రబలినప్పుడు, చిషోమ్ మరి యిద్దరు శాస్త్రజ్ఞులతో గూడి 2001లో సైన్స్ పత్రికయందు దానిని ప్రతిఘటించెను. పరస్పరాశ్రయమును కణస్థాయిలో కన్నులార గాంచినవారు, ఒక మూలను కదల్చినచో తక్కినది యథాతథముగా నిలుచునని నమ్మజాలరు గదా. ఆమెయే చిత్రకారిణి మోలీ బాంగ్‌తో కలిసి, సూర్యకాంతి సముద్రజీవులను పోషించు విధమును బాలలకు బొమ్మల పుస్తకముగా వివరించెను. తాను ఎరిగినదానిని పసివారికి అందీయ గోరుటకును మూలము ఆ నిష్ఠయే యని నా విశ్వాసము.

2019లో ఆమెకు క్రాఫోర్డ్ బహుమానము లభించినది. కాని 1985నాటి ఆ మినుకు సంకేతములను జూపి, వీనివలన ప్రయోజనమేమని యెవరైన ప్రశ్నించియుండినచో, నాడు చెప్పదగిన సమాధానము స్వల్పమే. కావున చిన్నవస్తువును వరించి చిరకాలము దానియొద్ద నిలువదలచిన యువపరిశోధకుని, ఫలమేదియని తొలినాడే నిర్బంధింపక, వలసినంత కాలమును ఆదరమును ఇచ్చి పోషించుట విద్యను గౌరవించు సమాజమునకు విధ్యుక్తధర్మమని నేను దృఢముగా నమ్ముచున్నాను.