కారు వద్దనడానికి కారణాలు

వచ్చే మే నెలలో స్విట్జర్లాండ్ వెళ్తున్నాం. నేను, నా భార్య, మా అబ్బాయి, అమ్మ. విమానం టికెట్లు కొన్నాక ఇంట్లో తేలకుండా మిగిలిన ప్రశ్న ఒకటే. అక్కడ కారు అద్దెకి తీసుకోవాలా, రైళ్ళలో తిరగాలా?

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి ఎక్సెల్ షీటు తెరిచాను. రైలు వైపు వాదనలు బలమైనవే. అక్కడి రైళ్ళు చాలావరకు జలవిద్యుత్తు మీద నడుస్తాయి. 1982 నుంచి దేశమంతటికీ ఒకే లయలో, కనీసం గంటకో బండి ఉండేట్టు టైంటేబుల్ అల్లుకుంటూ వచ్చారు. పదహారేళ్ళ లోపు పిల్లలకి తల్లిదండ్రుల పాసుతో ప్రయాణం ఉచితం. మేం ఉండాలనుకున్న వెంగెన్‌కి ఎలాగూ కారు పోదు, కింద లౌటర్‌బ్రునెన్‌లో ఆపేసి పళ్ళచక్రాల రైలెక్కాల్సిందే. కారు వైపు ఉన్న పెద్ద వాదన ఒకటే: అమ్మ మోకాళ్ళు. జ్యూరిక్ విమానాశ్రయం నుంచి వెంగెన్ చేరాలంటే కనీసం రెండు చోట్ల రైలు మారాలి. పెట్టెలతో, మెట్లతో.

షీటులో పర్యావరణానికి పదికి తొమ్మిది మార్కులు వేశాను. మోకాళ్ళకి నాలుగు. రైలు గెలిచింది.

"ఏడు వేల కిలోమీటర్లు విమానంలో పోయి, అక్కడ దిగాక గుర్తొస్తుందా నీకు పర్యావరణం?" అంది నా భార్య. నిజమే. నలుగురం రానూ పోనూ చేసే విమాన ప్రయాణం ముందు వారం రోజుల కారు తిరుగుడు ఎలా లెక్కేసినా పదో వంతుకి కూడా రాదు. అయినా నేను తగ్గలేదు. ఒక తప్పు చేశాం కదా అని రెండోది కూడా చెయ్యాలా అన్నాను. వాదనగా అందులో తప్పేం లేదు. ఇప్పటికీ అదే అంటాను.

అప్పుడు తను, "సరే, ఎలక్ట్రిక్ కారు తీసుకుందాం. వాళ్ళ కరెంటులో బొగ్గు లేదన్నావుగా" అంది.

అక్కడితో నా వాదన అయిపోవాలి. కానీ క్షణం కూడా ఆగకుండా, "కొండల్లో చార్జింగ్ ఎక్కడ వెతుక్కుంటాం?" అన్నాను. అన్నాక నాకే అనుమానం వచ్చింది. కోడ్‌లో ఒక షరతు నిజంగా పనిచేస్తోందో లేదో తెలియకపోతే, దాన్ని తీసేసి నడిపి చూస్తాం. ఫలితం మారకపోతే ఆ షరతు అక్కడ ఉత్తినే ఉన్నట్టు. పర్యావరణాన్ని తీసేసినా నా జవాబు 'వద్దు' అనే వచ్చింది. మరి ఆ 'వద్దు' ఎక్కణ్ణుంచి వస్తోంది?

ఎక్కణ్ణుంచో నాకు తెలుసు. రెండేళ్ళ క్రితం ఒక రాత్రి, విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తుంటే, నేను నడుపుతున్న కారు డివైడర్‌ని గుద్దింది. పక్క సీట్లో అమ్మ ఉంది. మణికట్టు విరిగింది. అంతకంటే ఏమీ కాలేదు. అందరం 'అదృష్టం' అనుకున్నాం. ఆ తర్వాత నేను హైవే మీద స్టీరింగ్ పట్టుకోలేదు. పనుందనో, బస్సే హాయి అనో చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. ఇప్పుడు రోడ్డుకి కుడివైపున, కొండ మలుపుల్లో, అదే అమ్మని కూర్చోబెట్టుకుని నడపడమా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేను భూగోళాన్ని అడ్డం పెట్టుకున్నాను.

కాంట్ 1785లో రాసిన పుస్తకంలో ఒక దుకాణదారు ఉంటాడు. తెలియనివాడు వచ్చినా ఎక్కువ ధర చెప్పడు. అయితే అది నిజాయితీ వల్ల కాదు, వ్యాపారానికి మంచిదని. కాంట్ దృష్టిలో అతని పని ధర్మానికి విరుద్ధం కాదుగానీ, దానికి నైతికమైన విలువ లేదు. మిల్ ఇంకోలా అంటాడు. మునిగిపోతున్నవాణ్ణి ఎందుకు కాపాడావన్నదాన్ని బట్టి నీ గురించి అంచనా మారొచ్చు, కాపాడటమన్న పని మాత్రం మంచిదే. మిల్ ప్రకారం నేను ఒడ్డున పడతాను. భయంతో రైలెక్కినా, భక్తితో ఎక్కినా పొగ అంతే.

కానీ నన్ను ఇబ్బంది పెట్టిన విషయానికి ఇద్దరి దగ్గరా పూర్తి జవాబు దొరకలేదు. భయపడటం తప్పని నేను అనుకోను. ఒకసారి దెబ్బ తగిలినవాడు భయపడటంలో వివేకం కూడా ఉంది. నా తప్పు, నలుగురికి సంబంధించిన నిర్ణయంలో అసలు కారణాన్ని బల్ల మీద పెట్టకపోవడం. నేను చెప్పిన కారణంతో మిగతావాళ్ళు వాదించారు, దానికే పరిష్కారాలు వెతికారు. లేని సమస్యకి ఎలక్ట్రిక్ కారు తెచ్చారు. ఉన్న సమస్య వాళ్ళకి తెలిస్తే కదా ఆలోచించడానికి! పైగా మంచి కారణాన్ని ముసుగుగా వాడితే దానికీ నష్టమే. రేపు నిజంగానే పర్యావరణం గురించి మాట్లాడితే ఇంట్లో ఎవరు నమ్ముతారు?

ఆ రాత్రి అన్నాల దగ్గర చెప్పేశాను. కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు.

"నాకూ భయమేరా," అంది అమ్మ. "నువ్వు బాధపడతావని అనలేదు."

"నేను నడుపుతాను కదా," అంది నా భార్య. తను రోజూ గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఆఫీసుకి నడుపుకుంటూనే వెళ్తుంది. అయినా ఆ షీటులో ఆ వరస లేనే లేదు. కారంటే నేనే నడపాలని ఎందుకనుకున్నానో, దానికి ఇంకో వ్యాసం రాయాలి.

"ముందు సీట్లో మాత్రం నేను కూర్చోను," అంది అమ్మ.

చివరికి ఆరు రోజుల రైలు పాసు, రెండు రోజుల కారు అనుకున్నాం. ఆ రెండు రోజులూ సరస్సుల పక్కన, అమ్మ ఆపమన్న చోటల్లా ఆపుతూ పోవాలని. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌కి మా ఆవిడ పేరు మీద అప్లై చేశాం. నేను చేయలేదు. ఎందుకని ఆఫీసులో ఎవరో అడిగితే, పర్యావరణం అనలేదు. భయం అన్నాను.