విరాళపు పేజీయు పౌలు పోగుచేసిన చందాయు



ఈ నెల ధ్యానమునకు కొరింథీయులకు వ్రాయబడిన రెండవ పత్రికలోని 8, 9 అధ్యాయములను చదువుకొనుడి. యెరూషలేములోని బీద విశ్వాసుల కొరకు పౌలు చందా పోగుచేసిన సంగతి అచ్చట నున్నది. అపొస్తలుడు సొమ్ము అడుగుటకు సిగ్గుపడలేదు. అడుగు విధమును మాత్రము బహు జాగ్రత్తగా చూచుకొనెను.

ఇప్పుడు చర్ల, దుమ్ముగూడెము, బూర్గంపహాడు వైపు ఊళ్లలో ఎవరికైనను పెద్ద జబ్బు చేసినప్పుడు, పట్నములో చదువుకొన్న పడుచువాడొకడు ఫోనులో విరాళపు పేజీ తెరచుట చూచుచున్నాము. 2010లో బెంగుళూరులో పుట్టిన మిలాప్, 2012లో ముంబైలో పుట్టిన కెట్టో మొదలగునవి ఇందుకు చోటిచ్చుచున్నవి. 2022 జూలై 16న భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులకు లేచినప్పుడును, 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మములోని ఇండ్లను ముంచినప్పుడును, సహాయము కోరు సందేశములు మన ఫోనులకు వచ్చుచునే యుండెను. కొందరి పేజీకి సొమ్ము త్వరగా చేరును. కొందరిది మొదటి రెండు మూడు వేలవద్దనే నిలిచిపోవును. ఆసుపత్రి మంచముమీదనున్న బిడ్డకు ఆ భేదము చిన్నది కాదు. కాబట్టి ఎక్కువ విరాళము వచ్చు మార్గమేది అని విచారించుట లోభమని ఎవరును అనుకొనవద్దు.

నెహెమ్యా రాజునెదుట నిలిచినప్పుడు ఏమి అడిగెనో చూడుడి. ఎన్నాళ్లకు తిరిగి వచ్చునో చెప్పెను. గుమ్మములకును ప్రాకారమునకును మ్రాను కావలెనని, అడవిని కాయు ఆసాపునకు ఉత్తరము ఇమ్మని అడిగెను. అడవి అంచున కాపురముండు మనకు ఆ మాట బాగుగా తెలియును. ఏ కలప, ఎంత, ఎవరి అనుమతితో అన్నది చెప్పనిదే పని జరుగదు. పేజీలోను అంతే. "మాకు సహాయము చేయండి" అని మాత్రము వ్రాసినచో చదువరి అయ్యో అనుకొని ముందుకు పోవును. ఏ జబ్బు, ఏ ఆసుపత్రి, వైద్యులు వేసిన ఖర్చు అంచనా ఎంత, ఇంటివారు ఇదివరకు ఎంత కూర్చుకొనిరి, ఇంకను ఎంత తక్కువ అని వ్రాసినయెడల అతని చెయ్యి ఆగును. దీనికి ముందు ఆరోగ్యశ్రీలో ఆ చికిత్స ఉన్నదో లేదో అడిగి తెలిసికొనవలెను. తెలంగాణములో 2023 డిసెంబరులో ఆ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచిరి. ప్రభుత్వము ఇచ్చుదానికి మరల జనులను అడుగుట ధర్మము కాదు.

పౌలు కొరింథువారిని అడుగుటకు మాసిదోనియవారి సంగతి ముందు చెప్పెను. వారు మిక్కిలి పేదలు, అయినను శక్తికి మించి ఇచ్చిరి. 2010 లండన్ మారథాన్‌లో పరుగెత్తినవారి విరాళపు పేజీలను పరిశోధకులు పరిశీలించినప్పుడు, ముందువారు ధారాళముగా ఇచ్చినచోట తరువాతివారును ఎక్కువ ఇచ్చిరని తేలినది. కాబట్టి ఖాళీ పేజీని ఊరంతటికి పంపవద్దు. పేజీ తెరచినవాడు మొదట తానిచ్చి, మేనమామను, పెదనాన్నను, సంఘ పెద్దలను ఒక్కొక్కరిని పేరుపెట్టి పిలిచి అడుగవలెను. ఇన్నూరు మందియున్న వాట్సాప్ గుంపులో పడవేసిన లింకును ప్రతివాడును పక్కవానికే వచ్చినదనుకొనును!

చిన్న కానుకను చిన్నచూపు చూడకుడి. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్య గారి దినములలో మన తల్లులు పొయ్యి వెలిగించునప్పుడు పిడికెడు బియ్యము ప్రక్కకు తీసి గుడికి తెచ్చెడివారు. ఆ పిడికెళ్లతో కాపరుల జీతములకు ఆసరా కలిగెను. కూలి చేసికొను అక్క పంపిన 50 రూపాయలకును వందనములు వ్రాయవలెను, ఆ దినముననే.

ఒక సంగతి మాత్రము మేము గట్టిగా చెప్పవలెను. గొట్టములు తగిలించిన బిడ్డను, ఏడ్చుచున్న తల్లిని ఫోటో తీసి పేజీకెక్కించుట పెరిగిపోయినది. అట్టి బొమ్మ సొమ్ము తెచ్చునేమో. తెచ్చినను, ఆ బిడ్డ బాగుపడి బడికి పోయిన తరువాత ఆ బొమ్మ ఎవరి ఫోనులోనైన ఉండనే ఉండును. అనుమతి అడిగితిమని అందురు. అప్పులవాడు గడపలో కూర్చున్న దినమున ఏ తల్లి కాదనును? జబ్బు పడకముందు మేకల వెంట నవ్వుచు నిలిచిన బొమ్మ ఒకటి చాలదా? ఆమెను అడుగునప్పుడు "వద్దన్నను సొమ్ము ఆగదు" అని ముందుగా చెప్పి అడుగుడి.

లెక్క సంగతి. పౌలు ఆ చందాను ఒంటరిగా మోయలేదు. నింద రాకుండునట్లు తీతును, సంఘములు ఏర్పరచిన సహోదరుని తోడుచేసెను. యోవాషు కాలమున మందిరపు పెట్టెలోని ద్రవ్యమును రాజుగారి లేఖికుడును ప్రధానయాజకుడును ఇద్దరు కలిసి లెక్కించిరి. పేజీ సొమ్ము ఒక్కని ఖాతాలో పడినచో ఎంత మంచివానిమీదనైనను అనుమానము పుట్టును. సాధ్యమైనంతవరకు ఆసుపత్రి ఖాతాకే నేరుగా పోవునట్లు చూడుడి. రసీదులను వారమువారము పేజీలో పెట్టుడి. లెక్క చూపిన పేజీకే రెండవమారు ఇచ్చువారుందురు. సంఘము పేరట అడుగునప్పుడు మరియొకటి గమనింపవలెను: విదేశ పౌరుల సొమ్ము పుచ్చుకొనుటకు 2010 నాటి విదేశీ విరాళముల చట్టము ప్రకారము రిజిస్ట్రేషను గాని ముందస్తు అనుమతి గాని ఉండవలెను. భారత పాస్‌పోర్టుతో గల్ఫులో పనిచేయు మన పిల్లలు తమ సంపాదనలోనుండి పంపునది వేరు, అది విదేశీ విరాళము కాదు.

నిర్గమకాండము 36వ అధ్యాయములో ప్రత్యక్ష గుడారము కొరకు జనులు ఉదయము ఉదయము కానుకలు తెచ్చుచుండగా, పనికి కావలసినదానికంటె ఎక్కువైనదని పనివారు మోషేకు చెప్పిరి. అతడు ఇక తేవద్దని పాళెమంతటను చాటించెను. చికిత్సకు 3 లక్షలు కావలెనని వ్రాసి, 3 లక్షలు చేరినయెడల ఆ రాత్రియే పేజీని మూయుడి. మిగిలినది ఏదైన ఉన్నయెడల దానిని ఎవరికి ఇయ్యవలెనో ఇచ్చినవారినే అడుగుడి, బిడ్డ ఇంటికి వచ్చిన వార్తతో కూడ.